వార్ధక్యమున కన్నులు, చెవులు

ఇంద్రియములన్నింటిలోను నేత్రమే ప్రధానమని పెద్దలు చెప్పుదురు. చెవిని గూర్చి యంత గొప్పగా జెప్పినవారు తక్కువ. అందువలననే కాబోలు, కన్ను మసకబారిన వానిని జూచి లోకము జాలిపడును. చెవి మందగించిన వానిని జూచి నవ్వును. మేము అరువదియవ యేడు దాటినవారము. కన్నులకు అద్దములును, చెవులకు యంత్రములును ధరించి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. ఈ సంచికను జదువువారిలో బాలబాలికలే యధికులు గనుక, ముసలివారి గోడు తమకేల యని వారు పుట త్రిప్పివేయకుందురు గాక! ముసలితనమున మిగులు చూపును, వినికిడియు చాలవరకు చిన్ననాటి నుండి కాపాడుకొన్నవే.

మన అమ్రాబాదు నల్లమల పీఠభూమి మీది యూరు. ఇచ్చట కన్నును, చెవియు జీవనాధారములు. తేనెకై యడవికి బోవు చెంచు, ఈగ పోవు దారిని కంటితో బట్టి తుట్టెను గనుగొనును. దుప్పి యరపు విని పెద్దపులి కదలికను దెలిసికొనును. శ్రీశైలము పోవు బాటలో మన్ననూరు కడ రోడ్డు దాటు ముసలమ్మకు వెనుకనుండి వచ్చు బస్సు మోత వినబడనిచో ప్రాణాపాయము. ఇట్లుండగా, చూపు తగ్గినను, వినికిడి తగ్గినను, "వయసు మీదబడినది, ఇంతే" యను మాట ఇంటింటను వినుచున్నాము. ఈ మాటలో కొంత నిజమును, చాల యసత్యమును గలవు.

ముందు నిజమును జెప్పెదము. నలువది యేండ్ల ప్రాంతమున కంటిలోని కటకము బిరుసెక్కి, దగ్గరి వస్తువులపై చూపు నిలువదు. దీనికే చత్వారమని పేరు. నలువదిని దెలుపు సంస్కృత శబ్దమునుండి వచ్చిన యీ పేరులోనే దాని వయస్సు గలదు. ఇది యందరికిని వచ్చునదే. సూదిలో దారము దూరదు, బియ్యములో రాయి కానరాదు, పుస్తకమును చేయి చాచి పట్టుకొనవలసి వచ్చును. దీనికి సులువైన మందు అద్దముల జత. అద్దములు పెట్టుకొన్నచో చూపు మరింత చెడునను భయము నిరాధారము.

ఇక అసత్యము. ఈ ప్రాంతము మహబూబ్‌నగరు జిల్లాలో నున్న కాలమున, 1996 మొదలు 2000 వరకు, ఆ జిల్లాతో పాటు హైదరాబాదు, ఆదిలాబాదు, పశ్చిమ గోదావరి ప్రాంతములలో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారు 10,293 మంది కన్నులను బరీక్షించిరి. అంధత్వమునకు గల కారణములలో నూటికి 44 వంతులు శుక్లమనియు, 16 వంతులు అద్దములతో సవరింపదగు దృష్టిదోషములనియు తేలినది. అనగా గ్రుడ్డివారలలో నూటికి అరువది మంది చీకటి తొలగింపదగినదే. అది వయసు చేసిన కీడు గాదు. ఆలస్యము చేసిన కీడు.

శుక్లమనగా కంటిలోని కటకము పాలవలె మసకబారుట. దానిని ఆకు పసరులు కరిగింపజాలవు. పసరు పోసి నల్లగ్రుడ్డు పుండుపడి, ఉన్న చూపును బోగొట్టుకొన్నవారు గలరు. మసక కటకమును దీసి కృత్రిమ కటకము నమర్చుటయే మార్గము. అట్టి కటకమును మొట్టమొదట 1949లో లండను నగరమున హెరాల్డ్ రిడ్లే యను వైద్యు డమర్చెను. నేడది కొలది నిమిషముల పని. మన నాగర్‌కర్నూలు జిల్లాలోనే తూడుకుర్తి గ్రామమున పైని జెప్పిన సంస్థవారి నేత్రాలయము గలదు. 2018 ఆగస్టు 15వ తేదీన మొదలై, 2023 జనవరి 18న రెండవమారు సాగిన 'కంటి వెలుగు' కార్యక్రమమున తెలంగాణ ప్రభుత్వమువారు ఊరూర కన్నులు పరీక్షించి అద్దము లిచ్చిరి. ఆ యద్దములు పెట్టెలో భద్రముగా దాచుకొన్న తాతలను మేమెరుగుదుము. వారి మనుమలు ఆ పెట్టె తెరువవలెను.

అన్ని నేత్రరోగములును శుక్లమువంటివి గావు. నీటికాసులను వ్యాధి నొప్పి లేకుండ ప్రక్కచూపును మొదట హరించును. పోయినది తిరిగి రాదు, మందు మిగిలినదానిని మాత్రము కాపాడును. మధుమేహ మున్నవారికి కంటి వెనుక పొరలోని సన్నని రక్తనాళములు చెడును. కావున చూపు బాగుగనే యున్నదని తోచినను, నలువది దాటినవారు రెండేండ్ల కొకమారైనను, మధుమేహులు ఏటేటను పరీక్ష చేయించుకొనవలయును.

చెవి సంగతి స్వానుభవమున జెప్పెదము. మేము పెక్కేండ్లు బడిపంతులుగ నుంటిమి. కొలువు విడుచుటకు మూడేండ్లకు ముందు, తరగతిలో చిన్నపిల్లలు చెప్పు జవాబులు మాకు సరిగా నందకుండెను. గొంతు వినబడును, మాట తెలియదు. పెద్దవారి మాటలు మాత్రము స్పష్టముగనే యుండెను. పరీక్ష చేయించుకొనగా కారణము తెలిసినది. వయసుతో వచ్చు చెవుడు మొదట సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులను దీసికొనిపోవును. పిల్లల కంఠములును, స, శ, ష వంటి యక్షరములును అట్టివే. బిగ్గరగా నరచినందువలన అవి స్పష్టము గావు. ఎదుట నిలిచి, ముఖము కనబడునట్లు నిదానముగ బలికినచో తెలియును.

యంత్రము పెట్టిన మొదటి వారము గిన్నెల చప్పుడును, పంకా మోతయు మమ్ము వేధించెను. నెల తిరుగునప్పటికి మనస్సు వానికి అలవడెను; పిల్లల మాట మరల మా కందెను. ఆ మూడేండ్లును బోధించితిమి. అది లేనిచో, జవాబు వినజాలని పంతులుగ ముందే తప్పుకొనవలసి యుండెడిది. మాట వినబడనివాడు క్రమముగ నలుగురిలో కూర్చుండుట మానును. వినికిడి లోపమును, చికిత్స లేని దృష్టిలోపమును మతిమరపు వ్యాధికి గల 14 నివారింపదగిన కారణములలో చేరినవని 'లాన్సెట్' వైద్యపత్రికవారి పండితసంఘము 2024లో ప్రకటించినది.

చెవిలోపల శబ్దమును గ్రహించు సన్నని రోమకణములు పుట్టుకతో ఒక్కొక్క చెవికి సుమారు 15,000 మాత్రమే. చచ్చినది మరల మొలవదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్క ననుసరించి 80 డెసిబెల్ల ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చును; 100 డెసిబెల్లైనచో 20 నిమిషములే. పెండ్లి యూరేగింపున బండిమీద పేర్చు శబ్దపు పెట్టెల చెంత గంటలకొలది నాట్యమాడు యువకులు తమ వార్ధక్యపు సొమ్మును నేడే ఖర్చు చేయుచున్నారు. చెవులలో దూర్చుకొని పాటలు వినువారికిని ఇదే హెచ్చరిక.

విద్యార్థులారా, పుల్లలు, పిన్నులు చెవిలో బెట్టకుడు. కాచిన నూనె పోయకుడు. చీము కారుచున్నచో దాచక చెప్పుడు. ఒకరినొకరు గూబమీద గొట్టకుడు. ఆ దెబ్బకు కర్ణభేరి చినుగవచ్చును. తల్లిదండ్రులకును, ఉపాధ్యాయులకును ఇదియే మా మనవి. వెలుతురు చాలని చోట చదువకుడు. నల్లబల్ల మీది యక్షరము మసకగనున్నచో సిగ్గుపడక పంతులుగారితో జెప్పుడు.

వేసవి సెలవులలో మీకొక చిన్నపని. మీ అవ్వ నొక కన్ను మూసికొని గోడమీది క్యాలెండరులోని అంకెలను జదువుమనుడు. పిమ్మట రెండవ కంటితో జదువుమనుడు. మీ తాత వెనుక నిలిచి మెల్లగా పేరు పెట్టి పిలువుడు. అంకె కానరాకున్నను, పిలుపు వినబడకున్నను, "వయసు, ఇంతే" యని విడువక వైద్యుని కడకు దోడుకొని పొండు. చేయిపట్టి నడిపించుటకు మీకంటె దగ్గరివారు వారికెవ్వరు?