చేరగానే ఫోన్ చెయ్యి

పోయిన సెమిస్టర్ ఎగ్జామ్స్ అయిపోయిన రాత్రి మా రూమ్‌లో పెద్ద గొడవైంది. క్రికెట్ గురించి కాదు, మెస్ బిల్లు గురించీ కాదు. మేమెవరం పుట్టడానికీ దాదాపు ముప్పయ్యేళ్ల ముందు, 1975 మార్చి 18న అమెరికాలో ప్రసారమైన ఒక టీవీ ఎపిసోడ్ గురించి.

సీరియల్ పేరు ‘మ్యాష్’. కొరియా యుద్ధంలో ముందు వరుసకి దగ్గర్లో గుడారాల్లో నడిచే ఒక అమెరికన్ ఆర్మీ ఆసుపత్రి కథ. అసలు యుద్ధం మూడేళ్లు జరిగితే సీరియల్ మాత్రం 1972 నుంచి 1983 దాకా పదకొండు సీజన్లు నడిచింది. కథ కొరియాది అయినా, మొదట్లో చూసిన జనం మనసులో ఉన్నది వియత్నాం. పేరుకి కామెడీ. డాక్టర్లు గుడారంలోనే సారా కాచుకుంటారు, పైఅధికారుల్ని ఏడిపిస్తారు, మధ్యలో హెలికాప్టర్ చప్పుడు వినిపిస్తే అన్నీ వదిలేసి ఆపరేషన్లకి పరిగెడతారు.

వీళ్లందరికీ కమాండర్ హెన్రీ బ్లేక్. టోపీకి చేపలు పట్టే గాలాలు గుచ్చుకుని తిరిగే మంచి మనిషి. ఏ కాగితం మీద సంతకం పెడుతున్నాడో కూడా చూసుకోడు. మూడో సీజన్ చివరి ఎపిసోడ్‌లో ఆయనకి ఇంటికి వెళ్లమని ఆర్డర్ వస్తుంది. అందరూ తాగించి వీడ్కోలు చెప్తారు, కొత్త సూట్ ఇస్తారు. హెలికాప్టర్ దగ్గర, కొడుకులాంటి క్లర్కు కుర్రాడు రాడార్ సెల్యూట్ కొడితే, హెన్రీ వెనక్కి వచ్చి వాణ్ణి కావలించుకుంటాడు. ఇక అయిపోయిందనుకుంటాం.

అప్పుడు ఆపరేషన్ గది. రాడార్ మాస్కు లేకుండా లోపలికొస్తాడు. మాస్కు పెట్టుకోరా అని కసురుతారు. వాడు పెట్టుకోడు. చేతిలో కాగితం చదువుతాడు. హెన్రీ విమానాన్ని జపాన్ సముద్రం మీద కూల్చేశారు. ఎవరూ మిగల్లేదు.

కరీంనగర్ నుంచి వచ్చిన మా రూమ్మేటు లాప్‌టాప్ ఠక్కున మూసేశాడు. “గిదేం కథరా? మూడు సీజన్లు మంచిగ నవ్విచ్చి, ఆఖర్ల గిట్ల సంపుడేంది? ఇగ నేను సూడ.”

నేను మాత్రం రెచ్చిపోయాను. ఇది మాస్టర్ స్ట్రోక్ అన్నాను. నాకు తెలిసిందంతా చెప్పాను. హెన్రీ వేషం వేసిన మెక్లీన్ స్టీవెన్సన్ సీరియల్ వదిలేస్తుంటే రచయితలు ఈ ముగింపు ఆలోచించారు. ఆ చివరి పేజీని నటుల్లో దాదాపు అందరి దగ్గరా దాచి, షూటింగ్‌కి ముందే ఇచ్చారు. మామూలు సీన్లలో వెనక నవ్వుల సౌండ్ ఉంటుంది గానీ, ఆపరేషన్ గదిలో ఉండకూడదని నిర్మాతలు ముందే చానల్‌తో ఒప్పించుకున్నారు. అందుకే ఆ చివరి సీన్లో అంత నిశ్శబ్దం. ప్రసారమయ్యాక మా వాడిలాగే కోపమొచ్చిన జనం వందల కొద్దీ ఉత్తరాలు రాశారు. మేం నవ్వుకోవడానికి చూస్తుంటే ఇదేంటని తిట్టారు. కొందరు ఇక చూడమన్నారు. యుద్ధంలో ఇష్టమైనవాళ్లు కూడా పోతారని చెప్పడమే మా ఉద్దేశమని నిర్మాతలు జవాబిచ్చారు.

ఇదంతా విని మా వాడు దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకున్నాడు. వాదన నేనే గెలిచాననుకున్నాను.

సెలవులకి ఇంటికెళ్లాను. మాది తాడేపల్లిగూడెం వైపు. పక్కనున్న మాధవరాన్ని అందరూ మిలిటరీ మాధవరం అంటారు, అంతమంది సైన్యంలో చేరారు అక్కణ్ణుంచి. మా నాన్న కూడా ఆర్మీలోనే, నర్సింగ్ అసిస్టెంట్‌గా చేసి హవల్దారుగా రిటైరయ్యారు. సర్వీసు గురించి అడిగితే చలి గురించి, రొట్టెల గురించి చెప్తారు. అంతకుమించి ఎప్పుడూ చెప్పలేదు. ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది, లాప్‌టాప్‌లో ఛార్జింగ్ ఉంది. ఆయన్ని కూర్చోబెట్టి ఆ ఎపిసోడ్ పెట్టాను. మధ్యమధ్య ఆపి తెలుగులో చెప్తూ వచ్చాను.

చివరి సీన్లో, కాగితం చదివాక, వెనకాల ఏదో పరికరం కిందపడిన చప్పుడొస్తుంది. అది షూటింగ్‌లో పొరపాటున పడిందట, అలాగే ఉంచేశారు. నాన్న ఆ చప్పుడు దగ్గర ఆపమన్నారు.

“చూశావా, ఎవడూ చేతిలో పని ఆపలేదు.”

నేను ఆ సంగతే గమనించలేదు. నిజమే. అందరి కళ్లూ మాస్కుల పైన తడిగానే ఉన్నాయి, చేతులు మాత్రం కుడుతూనే ఉన్నాయి.

కాసేపాగి ఆయనే మొదలుపెట్టారు. కొండల్లో పోస్టింగ్‌లో ఉండగా ఒడిశా స్నేహితుడొకాయన రెండు నెలల సెలవు మీద ఇంటికి బయల్దేరాడట. వచ్చేటప్పుడు ఏమేం తేవాలో తలా ఒకటి చెప్తే సిగరెట్ పెట్టె వెనకాల రాసుకున్నాడట. నాన్న ఏం అడిగారో నాకు చెప్పలేదు. సాయంత్రానికి వైర్‌లెస్ కుర్రాడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. బండి లోయలో పడింది.

“అప్పుడు నా చేతిలో ఓ జవాను కాలుంది. కట్టు సగంలో ఉంది. వదిలేస్తామా? చుట్టేశాను. తర్వాత ఇంకొకడు కూర్చున్నాడు. వాడికీ కట్టాను.”

ఫ్యాన్ తిరగట్లేదు. ఏమనాలో తెలీక, మా రూమ్‌లో జరిగిన గొడవ చెప్పాను. మా వాడికి స్క్రీన్‌ప్లే అర్థం కాలేదని నవ్వబోయాను.

“వాడికి హెన్రీ నచ్చాడ్రా. అందుకే కోపమొచ్చింది. నీకు కథ నచ్చింది,” అన్నారు నాన్న. తిట్టినట్టు కూడా లేదు. లేచి వెళ్లి చెంబుతో నీళ్లు తాగారు.

మా ఇంట్లో ఒక అలవాటుంది. ఎవరు ఎక్కడికి బయల్దేరినా నాన్న చెప్పేది ఒకటే మాట, చేరగానే ఫోన్ చెయ్యి. పక్కూరికెళ్లినా అంతే. నేనూ చెల్లీ దాన్ని అనుకరించి నవ్వుకునేవాళ్లం. హాస్టల్‌కి వచ్చాక నేను ఫోన్ చేయడం మానేసి, వాట్సాప్‌లో ‘రీచ్డ్’ అని పడేసేవాణ్ణి. ఒక్కోసారి అదీ మర్చిపోయేవాణ్ణి. అలాంటప్పుడు రాత్రి పదకొండుకి ఆయనే చేసేవారు. “పడుకున్నావా? ఏం లేదులే,” అని పెట్టేసేవారు.

మొన్న తిరిగి వస్తుంటే బస్సు మూడు గంటలు లేటయింది. హాస్టల్ గేటు దగ్గర దిగేసరికి ఒంటిగంట దాటింది. ఈ టైములో లేపడమెందుకని ముందు మెసేజ్ టైప్ చేశాను. మళ్లీ చెరిపేసి ఫోన్ చేశాను. మొదటి రింగు పూర్తవకముందే ఎత్తారు.

“చేరాను నాన్నా.”

“సరే, పడుకో.”

మా కరీంనగర్ వాడు నాలుగో సీజన్ ఇంకా మొదలుపెట్టలేదు. చూడమని నేనూ అడగట్లేదు.