పక్కన కూర్చునేవాళ్ళు

తెలుగు బైబిలు చదివేవాళ్ళకు ‘ఆదరణ’ బాగా అలవాటైన మాట. పరిశుద్ధాత్మకు అందులో ఉన్న పేరే ఆదరణకర్త. బయట ఈ మాటను సినిమాకు ప్రజాదరణ లభించిందనో, పాఠకుల ఆదరణకు కృతజ్ఞతలనో వాడుతుంటాం. మా సంఘాల్లో మాత్రం మనిషి పోయిన ఇంటికి వెళుతూ ‘ఆదరణ కూడికకు పోతున్నాం’ అంటారు. అంటే పెద్దగా ఏమీ లేదు, చాప పరుచుకుని ఆ ఇంటివాళ్ళ పక్కన కూర్చోవడమే. ఆ కూర్చోవడంలో ఏముందో నాకు రైలు ప్రయాణాల కాలంలో తెలిసింది.

మాది తడ. లారీ డ్రైవర్లకు ఒకప్పుడు తడ అంటే చెక్‌పోస్టు. కాలేజీ పిల్లలకు జలపాతం. 2022లో తిరుపతి జిల్లాలో కలిపినా మా నోటికి ఇంకా నెల్లూరు జిల్లా అనే వస్తుంది. తూర్పున పులికాట్ సరస్సు, దాని అవతల శ్రీహరికోట. ఇక్కడ చేప లేనిదే చాలామందికి ముద్ద దిగదు. మా ఆయనైతే పప్పు వండిన రోజు కూడా పక్కన ఎండుచేప ఉండాల్సిందే అనేవారు.

అలాంటి మనిషికి రెండు కిడ్నీలూ పోయాయని డాక్టరు చెప్పారు. ఉప్పు తగ్గించాలి, ఎండుచేప ముట్టకూడదు, కొబ్బరినీళ్ళు వద్దు, ఆకుకూర ఉడికించి ఆ నీళ్ళు పారబోయాలి. అన్నిటికన్నా కష్టమైంది దాహం. రోజంతటికీ కలిపి ఇన్ని నీళ్ళేనని కొలత పెట్టారు. సీసా మీద పెన్నుతో గీతలు గీసి ఇచ్చేదాన్ని. తడలో మే నెల ఎండ ఎరిగినవాళ్ళకు ఆ గీతల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

వారానికి రెండుసార్లు చెన్నైలో డయాలసిస్. సూళ్ళూరుపేట నుంచి వచ్చే లోకల్ రైల్లో తెల్లవారుజామున ఎక్కితే మళ్ళీ ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళ అయ్యేది. మిషను మీద నాలుగు గంటలు. బయట బెంచీ మీద నేను, నాలాంటి ఇంకో పదిమంది.

అప్పుడే చుట్టాలు ఒకరు స్వస్థత కూటాలకు రమ్మన్నారు. వెళ్ళాం. విశ్వాసం నిజమైనదైతే మిషను అవసరమే ఉండదని వేదిక మీద ప్రసంగీకుడు గట్టిగా చెప్పారు. తిరిగి వస్తుంటే మా ఆయన, “ఏందే, నా విశ్వాసం ఎన్ని గ్రాములు తక్కువైందంటావు?” అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ మాట నమ్మి ఎవరైనా రెండు వారాలు మిషను మానేస్తే ఏమవుతుంది? జబ్బుపడ్డవాడి నెత్తిన జబ్బుతోపాటు అవిశ్వాసి అన్న నిందను కూడా పెట్టడం నా దృష్టిలో క్రూరత్వమే. యోబుకు కష్టం వచ్చినప్పుడు ముగ్గురు స్నేహితులు వచ్చారు. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన మాట్లాడకుండా కూర్చున్నారు. అంతవరకు వాళ్ళంత మంచివాళ్ళు లేరు. నోరు తెరిచి నీ పాపం వల్లే ఇదంతా అని మొదలుపెట్టాకే చెడింది.

దేవుడితో బేరం గురించి ఆ రోజుల్లో చాలా ఆలోచించాను. మా వైపు క్రైస్తవులను బియ్యం కోసం మతంలో కలిసినవాళ్ళని ఎగతాళి చేయడం ఈనాటిది కాదు. అసలు సంగతి కొంచెం వేరు. 1876-78లో మద్రాసు రాష్ట్రమంతా కరువు. పెద్దవాళ్ళు ధాత కరువు అనేది దాన్నే. అమెరికన్ బాప్టిస్టు మిషను 1840 నుంచి నెల్లూరులో ఉన్నా, మొదటి పాతికేళ్ళలో చేరినవాళ్ళు బహు కొద్దిమంది. మిషనును మూసేద్దామా అన్న చర్చ కూడా అమెరికాలో జరిగింది. 1866లో ఒంగోలు వెళ్ళిన జాన్ క్లౌ దొర కరువు కాలంలో బకింగ్‌హామ్ కాలువ పనిలో మూడున్నర మైళ్ళ ముక్కను కాంట్రాక్టు తీసుకున్నాడు. మా పులికాట్ మీదుగా మద్రాసు పోయేది ఆ కాలువే. ఆకలితో వచ్చినవాళ్ళకు అక్కడ పని, కూలి దొరికాయి. ఆయన కింది బోధకులే మేస్త్రీలు. మట్టి తట్టలు దించి జనం కాసేపు కూలబడ్డప్పుడు ఆ బోధకులు కూడా పక్కన కూర్చుని, భారం మోసేవాళ్ళను తన దగ్గరికి రమ్మన్న క్రీస్తు మాట చెప్పేవారట. తట్ట దించినవాడికి ఆ మాట వివరించాల్సిన పనేముంది!

బాప్తిస్మం ఇమ్మని జనం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం అడుగుతున్నారేమోనని సంవత్సరం పైగా ఆపేశాడు. సాయం ఆగిపోయాక కూడా వాళ్ళు వచ్చారు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. ఊరు ముట్టుకోని మనుషులు. కరువు పనిలో తమ పక్కన మనిషి కూర్చున్నాడన్నది వాళ్ళకు ఎంత పెద్ద సంగతో మనం ఊహించుకోవాల్సిందే. అందరూ ఒకే కారణంతో వచ్చారని నేననను. కానీ బియ్యం అనే ఒక్క మాటతో అంతమందిని కొట్టిపారేయడం న్యాయం కాదు.

బియ్యం అంటే ఇంకోటి చెప్పాలి. మా ఆడవాళ్ళకు పిడికెడు బియ్యం అలవాటు. ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం అది గుడికి చేరుతుంది. మా ఆయన పనికి వెళ్ళలేకపోయిన నెలల్లో ఆ బియ్యం మా ఇంటికి వచ్చింది. చీకటి పడ్డాక, సంచీలో, ఎవరూ ఏమీ అనకుండా.

సముద్రం ఒడ్డున ఉన్న పాలెం నుంచి వచ్చి మా వీధిలో స్థిరపడ్డ ఒకామె ఉంది. పెద్దక్క అంటాం. 2004లో క్రిస్మస్ మర్నాడు ఆదివారం సునామీ వచ్చినప్పుడు వలలు, పడవ అన్నీ పోగొట్టుకున్న మనిషి. మా ఆయనకు ఆయాసం వచ్చిన రాత్రుల్లో వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేది. “ప్రార్థన చెయ్యక్కా” అంటే, “నాకు పెద్ద మాటలు రావు చెల్లే. నువ్వు పోయి పడుకో, నేను కూర్చోనుంటా” అనేది. ఆమె ఉందంటే నాకు నిద్ర పట్టేది. వేదిక మీద విన్న ప్రసంగాలన్నిటికీ పట్టని నిద్ర!

రైల్లో కీర్తనల గ్రంథం చదివేదాన్ని. చివర స్తుతితో ముగిసేవి చాలా ఉన్నాయి. 88వ కీర్తన అలా కాదు. మొదటి నుంచి మొరే, ముగిసేది కూడా చీకటితోనే. ఎవరో దాన్ని దిద్దకుండా, చివర ఒక మంచి మాట అతికించకుండా అలాగే ఉంచారు. అది చదివిన రోజు నుంచి దేవుడి ముందు మంచిగా మాట్లాడాలన్న భయం పోయింది. అంతకుముందు నా ప్రార్థన కిరాణా కొట్టు చీటీలా పొడుగ్గా ఉండేది. రానురాను అది రెండు మాటలకు వచ్చింది. కొన్ని రోజులు ఆ రెండూ ఉండేవి కావు. గుమ్మిడిపూండి దాటి ఊరు వచ్చేదాకా కిటికీ పక్కన ఊరకే కూర్చునేదాన్ని. ఒంటరిగా ఉన్నానని మాత్రం అనిపించలేదు. ఇంతకన్నా వివరంగా చెప్పడం నాకు చేతకాదు.

రెండేళ్ళ ఏడు నెలల తర్వాత మా ఆయన పోయారు. ఆదరణ కూడికకు పెద్దక్క అందరికన్నా ముందు వచ్చి చాపలు పరిచింది.

మొన్నొక ఆదివారం అయ్యగారు సాక్ష్యం చెప్పమని నన్ను పిలిచారు. మా గుడిలో సాక్ష్యమంటే జబ్బు నయమైందనో, ఉద్యోగం వచ్చిందనో చెబుతారు. నా దగ్గర అలాంటిది లేదు. లేచి నిలబడి, రెండు వందల అరవై సార్లు పైగా చెన్నై వెళ్ళొచ్చామని, ఆయనకు నయం కాలేదని, మా ఇంట్లో రాత్రుళ్ళు కూర్చున్నవాళ్ళు ఫలానా ఫలానా అని పేర్లు చెప్పాను. పెద్దక్క పేరు వచ్చేసరికి ఆమె తలమీద కొంగు సర్దుకుని కిందికి చూసింది. నేను కూర్చున్నాక అయ్యగారు కాసేపు ఊరుకుని, తర్వాత ప్రకటనలు చదివారు. మా పక్కవీధిలో ఒకాయనకు కొత్తగా డయాలసిస్ మొదలైందట, శుక్రవారం ఉపవాస ప్రార్థన వాళ్ళింట్లో. ఇంటికి వచ్చి, గీతలు గీసిన ఆ సీసా ఎక్కడ పెట్టానో వెతికాను.