తలకిందులైన మాట

వినేవానికి అర్థం కాకపోతే తప్పు వినేవానిదేనని తలచడం బోధకవృత్తిలో ఉన్నవారికి ఒక అలవాటు. మాకూ ఉండేది. ఒక శనివారం సాయంత్రం హైదరాబాదులోని ఒక మిత్రుని రేడియో గదిలో అది సడలింది.

మా మిత్రుడు లైసెన్సు పొందిన హామ్. ఆనాడు రేడియో టెలిటైపు ప్రసారానికి పూనుకున్నాడు. ఫ్రెంచి ఇంజనీరు ఎమిల్ బోదో 1874లో పేటెంటు పొందిన టెలిగ్రాఫు పద్ధతి దీనికి మూలం. మార్క్, స్పేస్ అని రెండు స్వరాలు. హామ్‌ల వాడుకలో వాటి నడుమ అంతరం 170 హెర్ట్జులు. ఒక్కొక్క అక్షరం ఈ రెండింటితో కూర్చిన ఐదు అంగాల సంకేతం.

విజయవాడ నుంచి మరొక హామ్ పంపిన వాక్యాలు మా తెరపై స్పష్టంగా వచ్చాయి. మావి మాత్రం కలగాపులగంగా అందుతున్నాయని ఆయన తెలిపారు. "వారి మాట మనకు తెలుస్తున్నది గదా! లోపం వారివద్దే. శక్తి పెంచి చూడు" అన్నాము. మిత్రుడు నవ్వి, ఈ ప్రసారంలో యంత్రానికి విశ్రాంతి ఉండదనీ, పూర్తి శక్తితో నడిపితే వేడెక్కి చెడుతుందనీ చెప్పి, శక్తిని సగానికి తగ్గించాడు. స్వరస్థాయి తగ్గించాడు. తీగల అతుకులు పరీక్షించాడు. ఫలితం లేదు.

చివరకు దోషం బయటపడింది. దిగువ సైడ్‌బ్యాండులో ఉండవలసిన రేడియో ఎగువ సైడ్‌బ్యాండులో ఉన్నది. మార్క్ స్పేసుగా, స్పేస్ మార్కుగా మారి పోతున్నాయి. మరి వారి మాట మాకెలా తెలిసింది? కంప్యూటరులో సంకేతాన్ని తిరగవేసే మీట ఒకటి ఎప్పుడో నొక్కి ఉన్నది. అది వచ్చేదాన్ని సరిదిద్దుతుందే గాని పోయేదాన్ని కాదు. ఉర్దూ పంక్తిని ఎడమనుంచి చదవబోయినవానికి అక్షరాలన్నీ కనిపిస్తాయి, మాట ఒక్కటీ దొరకదు. విజయవాడలో జరిగినదీ అటువంటిదే. రెండూ సరిచేయగానే, చక్కగా అందుతున్నదని జవాబు వచ్చింది.

మిత్రుడు సంతోషించాడు. మేము మాత్రం మౌనంగా ఉండిపోయాము. ఆ ఉదయమే తరగతిలో సవర్ణదీర్ఘసంధి అర్థం కాలేదని ఒక విద్యార్థి మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ అదే సూత్రాన్ని మరింత గట్టిగా చెప్పి, వినే బుద్ధి లేదని మందలించాము. అదీ శక్తి పెంచడమే!

సోమవారం అతనిని పిలిచి, తొందరపడ్డామని ఒప్పుకున్నాము. ఈసారి ఉదాహరణ ముందు, సూత్రం తరువాత. 'విద్యార్థి' అన్న మాటను అతనిచేతనే విడదీయించాము. విద్య, అర్థి అని విడదీసి, సూత్రం తానే చెప్పాడు.

విద్యార్థులారా, మా మాట మీకు చేరనప్పుడు మళ్ళీ అడగండి. మీట ఎక్కడ తిరగబడి ఉన్నదో వెదకవలసినవారము ముందుగా మేమే.