జవాబు తెలియని ప్రశ్నతో ఒక ఏడాది

బీఎస్సీ కెమిస్ట్రీ అయ్యాక విదేశాల్లో మాస్టర్స్ చేస్తామని మా ఖమ్మం జిల్లా తల్లాడ వైపు పిల్లలు సలహా అడిగితే నేను చెప్పే మొదటి మాట ఒకటే: థీసిస్ రాయించే కోర్సు దొరికితేనే బయల్దేరండి. నేనుంటున్న కెనడాలో ఈ చదువు రెండు రకాలు. ఒకటి పాఠాలతో నడిచేది. ఫీజంతా మనమే కట్టుకుని, తరగతులు విని, పరీక్షలు రాసి, చివర్లో ఓ చిన్న రిపోర్టు ఇచ్చి పట్టా తీసుకోవడం. రెండోది పరిశోధనతో నడిచేది, సుమారు రెండేళ్లు. తరగతి గదిలో కూర్చునేది కొద్ది సబ్జెక్టులకే. మిగతా కాలమంతా ఒక ప్రొఫెసర్ ల్యాబులో ఒకే ప్రశ్న మీద పని చేసి, రాసిన థీసిస్‌ను పరీక్షకుల ముందు నిలబడి సమర్థించుకోవాలి. ఈ రెండో రకంలో చేరినవాళ్లకు డిగ్రీ విద్యార్థుల ల్యాబులు చూసుకున్నందుకూ, పరిశోధన చేసినందుకూ సాధారణంగా ఎంతో కొంత భృతి ముడుతుంది. పొలం తాకట్టు పెట్టి పిల్లల్ని పంపే ఇంటికి ఈ తేడా చిన్నది కాదు. అయినా నా వాదన డబ్బు గురించి కాదు. థీసిస్ లేని మాస్టర్స్‌లో కెమిస్ట్రీ గురించి వింటారే గానీ కెమిస్ట్రీ చెయ్యరు. చేసే అవకాశం కోసం తల్లాడ నుంచి సముద్రాలు దాటాల్సిన అవసరం కూడా ఉండకూడదు.

మన ప్రాక్టికల్స్ ఎలా సాగుతాయో కెమిస్ట్రీ చదివిన ప్రతివాళ్లకూ తెలుసు. సాల్ట్ అనాలిసిస్‌కి ఇచ్చిన పొడిలో ఏముందో ఇచ్చినవాళ్లకు ముందే తెలుసు. బ్యూరెట్ రీడింగు ఎంత రావాలో సీనియర్ల రికార్డులో ఉంటుంది. తేడా వస్తే అంకెను సరిచేసుకుని రికార్డు పూర్తి చేస్తారు, మార్కులూ పడతాయి. పరిశోధనలో ఈ దారి మూసుకుపోతుంది. ఒక రియాక్షన్ పెట్టాక అది అయిందో లేదో చూడటానికి సిలికా పూసిన వేలెడంత ప్లేటు మీద అడుగున పెన్సిల్ గీత గీసి, సన్నటి గాజు కేపిలరీతో మూడు చుక్కలు పెడతారు. ఒక పక్క మొదలుపెట్టిన పదార్థం, ఇంకో పక్క రియాక్షన్ మిశ్రమం, నడుమ రెండూ కలిపి. ప్లేటును ద్రావకంలో నిలబెట్టి, అది పైకి పాకాక తీసి ఆరబెట్టి, యూవీ దీపం కింద చూస్తారు. మిశ్రమం ఉన్న వైపు పాత మచ్చ మాయమై కొత్త మచ్చ ఒక్కటే కనిపిస్తే సంతోషమే. రెండు కనిపిస్తే? ఆ రెండోది మలినమా, ద్రావకంలో తేమ వల్ల వచ్చిందా, ఎవరూ అనుకోని కొత్త పదార్థమా? జవాబు సీనియర్ రికార్డులో దొరకదు, గైడుకూ తెలియదు. తెలుసుకోవాలంటే మళ్లీ చెయ్యాలి, ఈసారి ఒక్కటంటే ఒక్కటే మార్చి చెయ్యాలి, ఏం మార్చారో ఆ రోజు తేదీ వేసి నోట్‌బుక్కులో రాయాలి. ఇలా ఏడాది గడిపినవాళ్లకు ఒక అలవాటు పడుతుంది: వచ్చిన అంకెను నమ్మే ముందు అది ఎలా వచ్చిందని అడగడం.

ఈ అలవాటు విశ్వవిద్యాలయాల గోడల మధ్య పనికొచ్చేదే అనుకునేవాళ్లు 2020 మే 7 తెల్లవారుజామును గుర్తు చేసుకోవాలి. విశాఖ పక్కన ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి వెలువడిన స్టైరీన్ ఆవిరి పన్నెండు మంది ప్రాణాలు తీసింది. స్టైరీన్‌ను ఊరికే నిల్వ ఉంచినా అణువులు ఒకదానికొకటి అతుక్కుంటూ గొలుసులు కడతాయి, ఆ క్రమంలో వేడి పుడుతుంది, వేడి పెరిగేకొద్దీ గొలుసులు ఇంకా వేగంగా పెరుగుతాయి. అందుకే టీబీసీ అనే నిరోధకం కలుపుతారు, ట్యాంకును చల్లగా ఉంచుతారు. లాక్‌డౌన్‌తో ప్లాంటు ఆగిపోయినా ట్యాంకులో రసాయనం ఆగదు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ ఎన్నో లోపాలు చెప్పింది. వాటిలో నా మనసును వదలనిది ఇది: ఉష్ణోగ్రతను ట్యాంకు అడుగు భాగంలోనే కొలిచేవారు. పైపొరల్లో ఎంత వేడెక్కినా ఆ అంకెలోకి వచ్చే దారి లేదు. రిజిస్టరులో రాసుకున్న రీడింగు అబద్ధం కాదు, కానీ అది ట్యాంకు మొత్తానికి వర్తించదు. థీసిస్ రాసినవాళ్లు ఒకరుంటే ప్రమాదం తప్పేదని నేననను. యాజమాన్యం, తనిఖీలు, అనుమతులు, అన్నిటిలోనూ తప్పు ఉంది. కానీ థర్మామీటరు ఎక్కడుందని అడిగే మనిషి తరగతి గదిలో తయారవడం కష్టం. తన చేతిలోని ఫ్లాస్కులోనే ఒకసారి అంకె మోసం చేసి ఉంటే గానీ ఆ ప్రశ్న తట్టదు.

ఇదంతా పెద్ద పరికరాలుంటేనే సాధ్యమన్న మాటకు మన చరిత్రలోనే జవాబుంది. 1934లో రసాయన శాస్త్రవేత్త టి.ఆర్. శేషాద్రి వాల్తేరుకు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ శాఖను నిలబెట్టే పనిలో దిగారు. అప్పటికే ఆయన మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పీహెచ్‌డీ చేసి, ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఫ్రిట్జ్ ప్రెగ్ల్ దగ్గర సూక్ష్మ విశ్లేషణ నేర్చుకున్నారు. కొద్ది మిల్లీగ్రాముల పదార్థంలో కార్బన్ ఎంత, హైడ్రోజన్ ఎంత అని తేల్చే పద్ధతి అది. అణువు నిర్మాణాన్ని చూపే ఎన్ఎమ్ఆర్ యంత్రం అనేది ప్రపంచంలో ఎక్కడా లేని రోజులు. వాల్తేరులో ఆయనా, ఆయన విద్యార్థులూ పరిశోధనకు ఎంచుకున్నవేమిటంటే ప్రత్తి పూలు, గోంగూర జాతి పూలు, కానుగ గింజలు. ప్రత్తి పువ్వులో పసుపు రంగు ఏ పదార్థం వల్ల వస్తుంది, దాని నిర్మాణం ఏమిటి అన్నవి అప్పటికి ప్రపంచానికే పూర్తిగా తెలియని ప్రశ్నలు. ఆ ఫలితాలు అచ్చయ్యాయి, ఇతర దేశాలవాళ్లు చదివారు. 1949లో శేషాద్రి ఢిల్లీ వెళ్లారు, 1960లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యారు. నాకు ముఖ్యమనిపించేది ఆ గౌరవం కాదు. ప్రత్తి చేను లేని ఊరు మా ఖమ్మంలో వెతికినా దొరకదు. కానుగ చెట్టు రోడ్డు పక్కనే ఉంటుంది. పరిశోధనకు కావలసిన ముడిసరుకు మన చేలగట్ల మీదే ఉండగా, ప్రశ్నలు మాత్రం వేరే దేశాల్లో పుట్టాలని మనం ఎందుకు ఒప్పుకున్నాం?

థీసిస్‌తో వచ్చే ఎమ్మెస్సీ కూడా మనకు కొత్త కాదు. ఒకప్పుడు మద్రాసు విశ్వవిద్యాలయం పరిశోధన మీదే ఆ పట్టా ఇచ్చేది. భౌతిక శాస్త్రవేత్త జి.ఎన్. రామచంద్రన్ 1942లో బెంగళూరులో చేసిన పనికి అలాగే ఎమ్మెస్సీ అందుకున్నారు. తర్వాత ఎమ్మెస్సీ పాఠాల చదువుగా మిగిలింది, పరిశోధన రుచి చూడాలంటే ఎంఫిల్ ఉండేది. 2022లో యూజీసీ ఎంఫిల్‌ను ఆపేసింది. ఎంఫిల్ థీసిస్‌లు చాలాచోట్ల నాసిరకంగా ఉండేవన్న విమర్శలో నిజముంది. కానీ మెట్టు విరిగిందని తీసేసినవాళ్లు దాని స్థానంలో ఇంకో మెట్టు కట్టాలి కదా. 2015లో మొదలైన కేంద్ర సంస్థ తిరుపతి ఐసర్‌లో ఐదేళ్ల చదువులో ఆఖరి ఏడాదంతా పరిశోధనకే. ఏడాది పరిశోధన అవసరమని కేంద్ర ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. అయితే ఆ ఏడాది ఐసర్ పరీక్ష గట్టెక్కిన కొద్దిమందికే ఎందుకు? ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చదివి, పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి, కాకతీయ విశ్వవిద్యాలయంలోనో దాని కింది కళాశాలలోనో ఎమ్మెస్సీలో చేరిన అమ్మాయి నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టుతో సరిపెట్టుకోవాలా? పరిశోధనతోనే సాగే పీజీకి యూజీసీ 2024లో ఇచ్చిన పీజీ చట్రంలో చోటుంది. కాగితం మీద అనుమతి ఉంది, ల్యాబులో బల్ల లేదు.

ఉద్యోగాల మాట తీసుకుందాం, తల్లిదండ్రులు ముందుగా అడిగేది అదే. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీలు ఎమ్మెస్సీ వాళ్లను క్వాలిటీ కంట్రోల్‌కూ, ప్రొడక్షన్‌కూ తీసుకుంటాయి. హెచ్‌పీఎల్‌సీ యంత్రం నడపడం వస్తే చాలు, థీసిస్ ఎందుకంటారు. ఆ ఉద్యోగాలు గౌరవమైనవే, ఎన్నో ఇళ్లు వాటి మీద నిలబడ్డాయి. కానీ ఆ కంపెనీలు ఎలా పుట్టాయో చూడండి. 1970 పేటెంట్ చట్టం మందుకు పేటెంట్ ఇవ్వకుండా తయారీ పద్ధతికే ఇచ్చింది. అదే మందును వేరే దారిలో, తక్కువ మెట్లలో, చవకగా చెయ్యగలిగినవాళ్లకు తలుపులు తెరుచుకున్నాయి. ఆ దారులు వెతికింది పరిశోధన తెలిసినవాళ్లే. ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని చేసి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి పుణె ఎన్‌సీఎల్‌లో పీహెచ్‌డీ చేశారు. హైదరాబాద్ పరిశోధన సంస్థ ఐఐసీటీని నడిపిన ఏ.వి. రామారావుదీ అదే ప్రయోగశాల. 2005 నుంచి మందుకే మళ్లీ పేటెంట్ వచ్చింది కాబట్టి కొత్త అణువు వెతకగలిగినవాళ్ల అవసరం ఇప్పుడు ఇంకా ఎక్కువ. మా పిల్లలు యంత్రం దగ్గరే ఉండిపోవాలా, యంత్రం ఇచ్చిన గ్రాఫును ప్రశ్నించే గదిలోకి కూడా వెళ్లాలా అన్నది ఈ ఒక్క ఏడాది తేలుస్తుంది.

థీసిస్‌లు కొనుక్కుంటారన్న అభ్యంతరం ఇంకా బలమైనది. డబ్బిస్తే ప్రాజెక్టు రిపోర్టు రాసిచ్చే దుకాణాలున్నాయన్నది దాచితే దాగేది కాదు. దీనికి నా జవాబు, మార్కులు రిపోర్టుకు కాకుండా నోట్‌బుక్కుకు వెయ్యండి. కుట్టిన పుస్తకం, అంకె వేసిన పేజీలు, కొట్టేసింది కనిపించేలా ఒక్క గీతతో కొట్టివేత, వారం వారం గైడు సంతకం. వైవాలో బయటి పరీక్షకుడు ఏదో ఒక పేజీ తెరిచి, ఈ రోజు దిగుబడి ఎందుకు పడిపోయిందని అడిగితే కొనుక్కున్నవాళ్లు చెప్పలేరు. విఫలమైన రియాక్షన్‌కు కూడా మార్కులుండాలి. అవి లేకపోతే అంకెలు దిద్దుకునే పాత అలవాటే కొత్త పేరుతో వస్తుంది.

ఇంటి ఖర్చుల అభ్యంతరం దగ్గర నాకు వాదన లేదు, ఒప్పుకోలే ఉంది. కూలికి పోయే ఇంట్లో ఇరవై రెండేళ్ల మనిషి రెండేళ్లు సంపాదన లేకుండా ల్యాబులో ఉండటం న్యాయం కాదు. నెట్ రాసి పరిశోధన భృతి జేఆర్ఎఫ్ వచ్చినవాళ్లకు 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. ఎమ్మెస్సీ విద్యార్థికి అందులో నాలుగో వంతు ఇచ్చినా, నెల తప్పకుండా ఇస్తే, చాలామంది నిలబడతారు. భృతి లేకుండా థీసిస్ తప్పనిసరి చేస్తే ఉన్నవాళ్ల పిల్లలే మిగులుతారు. అలాంటి సంస్కరణ నాకు వద్దు.

ఇక ఎక్కడ, దేని మీద? తల్లాడ చౌరస్తా నుంచి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం పోయే రోడ్డు పట్టుకుంటే ఆ వైపంతా ప్రశ్నలే. పాల్వంచ థర్మల్ కేంద్రం బూడిద వానకు తడిస్తే ఏ లోహాలు ఏ మోతాదులో నీళ్లలోకి దిగుతాయి? ఖమ్మం మార్కెట్‌కు వచ్చే తేజ మిర్చిలో పురుగు మందుల అవశేషం కళ్లంలో ఎన్ని రోజులు ఎండితే ఎంత తగ్గుతుంది? ఇప్పగింజల నూనె నిల్వలో ఎందుకు ముక్కిపోతుంది, దాన్ని ఏది ఆపుతుంది? సారపాకలో కాగితం, అశ్వాపురంలో భారజలం తయారయ్యేది రసాయన శాస్త్రంతోనే. ఇంత పరిశ్రమ ఉన్న ప్రాంతంలో దాన్ని పరిశీలించే మాస్టర్స్ విద్యార్థులు గుంపులు గుంపులుగా ఉండాలి. కొత్తగూడెంలో కాకతీయ కింద ఉన్న మైనింగ్ కళాశాలను 2025లో మన్మోహన్ సింగ్ పేరిట భూవిజ్ఞాన విశ్వవిద్యాలయంగా మార్చారు. బూడిదా, బొగ్గూ, నీళ్లూ, మట్టీ చూడాల్సిన చోట రసాయన పరిశోధన ల్యాబు పెట్టడానికి ఇంతకంటే అనువైన సమయం రాదు. ఎన్ఎమ్ఆర్ అక్కడ కొననక్కర్లేదు, శాంపిళ్లను హైదరాబాద్ పంపి చేయించుకోవచ్చు. కొనాల్సినవి సరిగా గాలి లాగే ఫ్యూమ్ హుడ్లు, మంచి త్రాసు, ఆగని కరెంటు. వాటితో పాటు ల్యాబు పక్కనే ఆడపిల్లల హాస్టలు కట్టాలి. సాయంత్రం పెట్టిన రియాక్షన్‌ను రాత్రి పదింటికి చూడాల్సి వస్తుంది, ఆ వేళకు తల్లాడకు ఆఖరి బస్సు ఉంటుందన్న నమ్మకం లేదు.