తండ్రి కోటు, కొడుకు స్టడ్లు

బతుకుతెరువు కోసం కడప జిల్లా నుండి కువైట్ వెళ్లినవారు ఎందరో. వారిలో నా తమ్ముడు ఒకడు. రెండేళ్ల క్రితం వెళుతూ, జేబు మూల చినిగిన ఒక జీన్స్ కోటును ఇంట్లో వదిలి వెళ్లాడు. అమ్మ దానిని మడిచి పెట్టెలో దాచింది. ఇంటర్మీడియట్ చదువుతున్న వాడి కొడుకు ఇటీవల దానిని బయటకు తీసి, లోహపు స్టడ్లు కొట్టుకుని తొడుక్కుంటానన్నాడు.

"నా బిడ్డ వచ్చేవరకు అది అలాగే ఉండాలి. ఒకసారి పొడిచిన రంధ్రం మళ్లీ పూడుతుందా?" అన్నది అమ్మ.

"చినిగినదాన్నే బాగుచేస్తున్నాను కదా, దాదీ!" అన్నాడు వాడు. తీర్పు నాకు వదిలారు.

పిల్లవాడి మాటలో కొంత నిజమున్నది. జీన్స్‌పై లోహం మొదట అలంకారంగా రాలేదు. అమెరికాలోని రీనో పట్టణంలో జేకబ్ డేవిస్ అనే దర్జీ ఉండేవాడు. భర్త ప్యాంటు ఊరికే చినిగిపోతున్నదని ఒక కూలీ భార్య మొరపెట్టుకోగా, జేబు మూలలకు రాగి రివెట్లు బిగించాడు. తనకు బట్ట సరఫరా చేసే లెవీ స్ట్రాస్‌తో కలిసి 1873 మే 20న దానికి పేటెంట్ పొందాడు. అయితే వెనుక జేబుల రివెట్లు కుర్చీలను, గుర్రపు జీనులను గీరుతున్నాయన్న ఫిర్యాదులు వచ్చి, 1937లో ఆ సంస్థ వాటిని బట్ట కింద దాచి కుట్టించింది.

ఈ రెండో సంగతే నాకు పనికివచ్చింది. వాడు తన ప్యాంటు మోకాళ్లపై కూడా స్టడ్లు గుర్తుపెట్టుకున్నాడు. సజ్దాలో అవి మోకాలినీ నొప్పిస్తాయి, జానమాజునూ చింపుతాయి. అది వద్దన్నాను. పుర్రె ఆకారపు స్టడ్లను కూడా పక్కన పెట్టించాను. మిగిలినవి ఇత్తడివి, ఉక్కువి. పురుషులకు నిషిద్ధమైన బంగారం కాదు.

ఇక కోటు సంగతి. దాని యజమాని కువైట్‌లో ఉన్నాడు. అనుమతి ఆయనదే కావాలి. ఫోన్ చేశాము. తమ్ముడు మొదట నవ్వాడు. తరువాత కొంతసేపు మాట్లాడలేదు. "తొడుక్కోమను, భాయీ. లోపలి జేబు మాత్రం ముట్టుకోవద్దను. మొదటిసారి వచ్చేటప్పుడు డబ్బు దాచుకోమని అమ్మీ కుట్టి ఇచ్చింది," అన్నాడు. ఆ జేబు సంగతి అమ్మకే గుర్తులేదు. కోటును ఒళ్లోకి తీసుకుని చాలాసేపు తడుముతూ కూర్చున్నది.

పని నేను అనుకున్నంత తేలిక కాదు. సుద్దతో గుర్తులు పెట్టాలి. అరిగి పలచబడిన చోట లోపల మరో బట్టముక్క వేయకపోతే స్టడ్డు బరువుకే బట్ట జారిపోతుంది. కుట్లు మందంగా కలిసిన చోట స్టడ్డు కాళ్లు అవతలికి చేరవు. ముందుగా ఆరెతో పొడవాలి. కోటును తిరగేసి చెక్కపై పరచి, కింద మెత్తని గుడ్డ ఉంచి, కాళ్లను చెంచా కాడతో లోపలికి వంచి, చిన్న సుత్తితో తట్టాలి. ఆపైన అస్తరు కుట్టాలి. లేకుంటే మొనలు గుచ్చుకుంటాయి. లోహంలో నికెల్ ఉంటే కొందరికి దద్దుర్లు లేస్తాయి. పుస్తకం ముందు పావుగంట నిలవని పిల్లవాడు రెండు రాత్రులు తల ఎత్తలేదు.

అస్తరు అమ్మే కుట్టింది. లోపలి జేబు మూతపడకుండా దాని చుట్టూ బట్టను కత్తిరించింది. ఉతకడం కూడా తన పనేనన్నది: తిరగేసి, చల్లని నీళ్లలో, చేతితోనే.