చేవెళ్ల దారిలో ఉక్కు అచ్చులు

హైదరాబాదు నుంచి బీజాపూరు వెళ్ళే రోడ్డున అప్పా కూడలి దాటామంటే మర్రిచెట్ల నీడ మొదలవుతుంది. మొయినాబాదు, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా ఆ మర్రులు ఊడలు దించి కనుపిస్తాయి. ప్రయాణీకుడికి కన్నులపండువ, బండి నడిపేవాడికి మాత్రం పరీక్ష. దారి చాలాచోట్ల ఇరుకు, ఎదురు వచ్చే లారీలకు లెక్కలేదు.

ఒకనాడు మొయినాబాదు టీ కొట్టు ముందు లారీ ఒకటి ఆగి ఉన్నది. టార్పాలిను కింద నాలుగంటే నాలుగు దిమ్మలు. “సగం బండి ఖాళీగా పోతున్నదేం నాయనా?” అన్నాను.

“ఖాళీ యాడిది సార్! అవి మౌల్డులు. నాలుగు కల్సి ఎనిమిది టన్నులు.”

మౌల్డులంటే అచ్చులే. నేను తరగతిలో చెప్పే అచ్చులకు బరువు లేదు గాని, వీటికున్నది. మన ఇళ్ళలోని ప్లాస్టిక్ బకెట్టూ కుర్చీ ఇటువంటివాటిలోంచి వచ్చినవే. వీటి రూపకల్పన నేర్పడానికే 1968లో బాలానగరులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వెలిసింది. పొడవు, వెడల్పు, ఎత్తు అరమీటరేసి ఉన్న ఉక్కు దిమ్మ దాదాపు 980 కిలోలు తూగుతుంది.

ఇంత బరువు దానంతటది కదలదులే అనుకోవడం పొరపాటు. బ్రేకు పడితే బండి ఆగుతుంది, దిమ్మ ఆగదు. అందుకే బరువులో పదింట ఎనిమిది వంతుల తోపుడుకైనా ముందుకు జారకుండా కట్టాలని ఐరోపా దేశాలవారి లెక్క. అడుగున రబ్బరు పట్టా, ముందు అడ్డుదుంగ, నాలుగు మూలలా గొలుసులు. అచ్చు రెండు చెక్కలూ విడిపోకుండా బిగింపు పట్టీ. క్రేనుతో ఎత్తేటప్పుడు కింద మనిషి ఉండరాదు.

గోదాములో దాచడం మరొక విద్య. చల్లదనానికి నీరు పారే సన్నని దారుల్లో చుక్క మిగిలినా తుప్పు పడుతుంది. గాలి ఊది ఆరబెట్టి, నున్నని లోభాగానికి తుప్పు పట్టనివ్వని నూనె పూసి, మూసి, కొయ్యదిమ్మల మీద నిలపాలి. బరువైనవి నేలమట్టానే ఉండాలి. అరల పైవరుస వాటి చోటు కాదు.

2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును ఢీకొన్నది. కంకర బస్సులో కుమ్మరించుకుపోయి ప్రయాణీకులు దానికింద చిక్కుకున్నారు. 19 మంది పోయారు. అక్కడ అచ్చులు లేవు, నిజమే. కాని బండి ఆగినా సరుకు ఆగదన్న సత్యం కంకరకూ ఉక్కుకూ ఒకటే. లారీలో ఉన్నది ఎవరి సొత్తయినా, ఎదురు వచ్చే బస్సులో ఉండేది మన పిల్లలే. ఆ గొలుసు బిగించేవాడు ఈ మాట మరువకుండా ఉంటే చాలు.