గజ్జెల చప్పుడు

మా యింట గజ్జెల చప్పుడు వినబడగూడదని మా తండ్రిగారి కట్టడి. వారు మూఢాచారపరులు కారు. ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి'ని చదివి కంట తడిపెట్టినవారు. ఉన్నవవారు 1922లో గుంటూరున నెలకొల్పిన శారదానికేతనమునుగూర్చి మాకు చిన్ననాడే కథవలె చెప్పినవారు. ఊరివారు నవ్వుచున్నను మా అప్పచెల్లెండ్రను పట్టణమునకు పంపి చదివించినవారు. అట్టివారికిని గజ్జె యనిన సహింపదు. స్త్రీ కాలికి కట్టిన గజ్జె ఆమె అమ్ముడుపోయినదనుటకు గుర్తని వారి మతము. ఆ మతమునే మేమును పెద్దకాలము మోసితిమి.

ఈ భావము వారికి ఊరక కలిగినది కాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదలుకొని మన సంస్కర్తలు భోగము మేళములను ఖండించిరి. అట్టి మేళములకు పోవలదని కోరుచు 1893లో మద్రాసు హిందూ సంఘసంస్కరణ సమాజమువారు రాజప్రతినిధికిని గవర్నరుకును విన్నపము పంపిరి. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు శాసనసభలో మొదలిడిన పోరు 1947లో దేవదాసీ నిషేధ చట్టమై ఫలించెను. బాలికలను గుడికి విడుచు దురాచారము పోవలసినదే; అందు మాకు సందేహము లేదు. కాని స్త్రీని విడిపింపబోయి, ఆమె కాలియందున్న లయను గూడ మనము దోషిగా నిలబెట్టితిమి. పురుషుడు గజ్జె కట్టిన కళ యనియు, స్త్రీ కట్టిన కళంకమనియు రెండు తూనికరాళ్లు పెట్టుకొంటిమి. పొన్నెకల్లున 1920లో పుట్టిన షేక్ నాజరుగారు కాళ్లకు గజ్జెలు కట్టి, భుజమున తంబురా నుంచి బుఱ్ఱకథ చెప్పుచుండగా వినుటకు మా తండ్రిగారు క్రోసుల దూరము నడచిపోయెడివారు. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చినదని తెలిసిన నాడు మా యింట పాయసము వండించిరి.

మా గ్రామము చిలకలూరిపేటకును ఒంగోలుకును నడుమనున్న నల్లరేగడి నేలలలోనిది. కార్తికము మొదలు పత్తితీత, సంక్రాంతి దాటినది మొదలు మిరపకోత; ఈ రెంటితోనే మా యేడు గడచును. కోసిన కాయను కల్లమున ఆరబోసి, రాత్రులందు కావలి కాచి, ఎండిన పిదప గుంటూరు యార్డునకు తోలుదుము. మూడేండ్ల క్రిందట ఒక మాఘమాసపు సాయంకాలమున మా కోడలు మాయొద్దకు వచ్చి, "మామయ్యగారూ, కోతకు వచ్చే ఆడవాళ్లు చెక్కభజన నేర్చుకుంటారట. రాత్రిపూట మన కల్లంలో ఒక మూల ఇప్పించమని అడిగారు" అని, కొంచెము తాళి, "నేనూ వాళ్లతో నేర్చుకుంటాను" అనెను. మేము పత్రికనుండి తల యెత్తక, "కల్లము ఇత్తుము, నీ సంగతి తరువాత చూతము" అంటిమి. 'తరువాత చూతము' అనుట మావంటి సంస్కారప్రియుల యిండ్లలో 'వలదు' అనుటకు మర్యాదపేరు. ఆమె అది తెలిసియు తెలియనట్లే మఱునాడు గజ్జెలు కట్టెను.

చెక్కభజన మన చదువరులు చాలమంది చూచినదే. చేత చెక్కలు, వానిలో పొదిగిన చిన్న లోహపు బిళ్లలు, కాళ్లకు గజ్జెలు. గురువు నడుమ నిలిచి పాట యెత్తును. చుట్టునున్నవారు దాని నందుకొని పాడుచు అడుగు వేయుదురు. పాటలు రామకథవి, కృష్ణకథవి. పూర్వము ఇది మగవారి భజన. ఇప్పుడు స్త్రీలును చేయుచున్నారు. దూరమునుండి చూచువారికి చేతులు కనబడును; దాపున నిలిచినవారికి కాళ్లు వినబడును. ఈ భజనకు ప్రాణము కాళ్లలోనే యున్నది.

మా కల్లమున చేరినవారు పదునలుగురు. తొమ్మండుగురు మిరపకోత కూలీలు. పగలెల్ల కాయ త్రుంచిన వారి వ్రేళ్లు రాత్రికి నిప్పుకణికలవలె మండును. కొబ్బరినూనె రాచుకొని చెక్కలు పట్టుదురు. ఒకామె బట్టలు కుట్టును; నిత్యము మిషను త్రొక్కిన కాలగుటచే కాబోలు, ఆమె మడమ తాళము తప్పి యెఱుగదు. ఒకామె అంగన్‌వాడీలో పనిచేయును. ఒకామె ఇంటింటికి పాలు పోయును. ఒకామె తండ్రి, తెల్లదోమ పత్తిని నాశనము చేసిన 1987-88లో, ఈ జిల్లాల పత్తిరైతులు పలువురవలెనే అప్పుల పాలై ప్రాణము తీసికొనెను. నాటికి ఆమె పసిపిల్ల. నేడు తానే కౌలుకు పత్తి వేయుచున్నది. గురువు పాట యెత్తగనే మొదటి అడుగు ఆమెదే. పదునాలుగవది మా కోడలు. ఎమ్మెస్సీ చదివినది, అందఱిలోను ఆలస్యముగా నేర్చినది.

గురువుగారు మాదిగపల్లెలోని వృద్ధులు. నలువది యేండ్లు డప్పు వాయించినవారు. ఊరిలోని పెండ్లిండ్లకెల్ల ముందు నడచి, పందిరి కెదుట ఆగిపోయినవారు. భుజము నొప్పిచే డప్పు మోయలేక, ఆ దెబ్బలనే కాళ్లకు నేర్పసాగిరి. దీపము ఆర్పించి, తాము కనులు మూసికొని, పదునలుగురిచేతను అడుగు వేయించెడివారు. "నాలుగో కాలు తొందరపడుతున్నది, పన్నెండోది నిద్రపోతున్నదమ్మా" అనెడివారు. తప్పిన కాలు ఎవరిదో పేరుపెట్టి యెన్నడును చెప్పలేదు. ఆ చీకటిలో ఎవరు భూమిగలవారి కోడలో, ఎవరు ఆ భూమిలో కూలికి వచ్చినదో ఆయన చెవి కక్కఱలేదు. చప్పుడు సరిగా నున్నదా లేదా యనునదొక్కటే విచారణ. అడుగు పడినప్పుడెల్ల కల్లములోని కారపు ధూళి లేచి పాట నడుమ తుమ్ములు వచ్చెడివి. "తుమ్మేదైనా తాళంలో తుమ్మండి" అని గురువుగారనగా అందఱు నవ్వెడివారు. ఆ నవ్వు మా అరుగుదాక వినవచ్చెడిది. మొదట మేము తలుపు మూసికొంటిమి, పిదప మానితిమి.

ఒకనాటి రాత్రి మా కోడలు తన ఫోనులో అమెరికావారి ట్యాప్ నృత్యమును వారికి చూపెను. బూటు అడుగున లోహపు రేకులు బిగించి నేలనే వాద్యముగా వాయించు నృత్యమది. దాని పుట్టుకను మేము వెదకి చదివితిమి. 1739లో దక్షిణ కెరొలీనాలో నల్లజాతి బానిసలు తిరుగబడిరి. మఱుసటి యేడు అచ్చటి ప్రభువులు శాసనము చేసి వారికి డప్పులను నిషేధించిరి. చేతి వాద్యము పోయినవారు తమ లయను కాళ్లలో దాచుకొనిరి. ఐర్లండు, ఇంగ్లండులనుండి వలసవచ్చినవారి బూట్ల నృత్యములతో అది కలిసి క్రమముగా ట్యాప్ ఆయెను. అందు పేరెన్నికగన్న బిల్ రాబిన్‌సన్ 1878లో పుట్టి 1949లో గతించెను. ఆయన జన్మదినమగు మే 25ను అమెరికాలో 1989 మొదలు ఆ నృత్యమునకు పండుగదినముగా జరుపుచున్నారు. కాని ఆయన కాలపు నాటకశాలలు పెక్కింట నల్లజాతివారు రంగముపై ఆడవచ్చును. ప్రేక్షకులై తెల్లవారి సరసన కూర్చుండరాదు. ఇది మేము చెప్పగా గురువుగారు కొంతసేపు మాటాడలేదు. పిదప, "మన సంగతే గదయ్యా" అనిరి. ఆ మాట యెంత నిజమో శ్రీరామనవమికి తెలిసెను.

నవమినాడు రామాలయపు పందిరిలో భజన పెట్టింపవలెనని పెద్దలు కూడిరి. అందు మేమును కూర్చుంటిమి. ఎవరును కులము పేరెత్తలేదు. 1947 నాటి ఆలయప్రవేశ చట్టమును, 1950లో అమలైన రాజ్యాంగమును ఎఱుగనివారు అక్కడ లేరు. "పందిరిలో తావు చాలదు. ఆడవాళ్లు లోపల ఆడతారు. గురువు మెట్ల కింద నిలబడి పాడితే సరి, మైకు ఉన్నది గదా" అని యొకరనిరి. తక్కినవారు తల లూపిరి. పదునలుగురికి చాలిన తావు పదునైదవవారికి చాలకపోవుట యేమని అడుగవలసిన మాట మా నోటిదాక వచ్చెను గాని పెదవి దాటలేదు. 1941లో 'గబ్బిలము'ను లోకమునకిచ్చిన జాషువాగారు వినుకొండవారు, మా ప్రాంతమువారు. ఆ గ్రంథము మా బీరువాలో నున్నది. ఆనాడు అది బీరువాలోనే యుండెను.

మేము ఇంటికి వచ్చి సంగతి చెప్పగా మా కోడలు ఏమియు ననలేదు. ఆ రాత్రి పదునలుగురును కల్లమున కూర్చుండి మాటాడుకొనిరి. "పోండమ్మా, నేను కిందనే నిలబడి పాడతాను, నాకు అలవాటే" అని గురువుగారే నచ్చజెప్పిరి. ఆ పత్తిరైతు కూతురు, "మాకు అలవాటు లేదు తాతా. నువ్వు నడుమ లేకపోతే మాకు అడుగు పడదు" అనెను. నవమి సాయంకాలము వారు గుడికి పోలేదు. ఊరికిని పల్లెకును నడుమనున్న తారు రోడ్డుపై భజన కట్టిరి. తారు అడుగును మ్రింగివేయు నేల. చప్పుడు మొద్దుగా పలికెను. మేము పందిరిలో కుర్చీపై నుంటిమి. కల్యాణపు మేళము ఆగినప్పుడెల్ల ఆ మొద్దు చప్పుడు వినవచ్చుచుండెను. ముందుగా పిల్లలు లేచిపోయిరి, తరువాత స్త్రీలు. పిదప మేమును లేచితిమి. మేము మొదట లేచినవారము కాము; పదిమంది లేచిన పిమ్మట లేచినవారము. ఈ వ్యాసము వ్రాయుటకు ఆ సంగతియే కారణము.

తరువాతి యేడు పెద్దలు మరల కబురంపిరి. గురువుగారు పందిరి నడుమ నిలిచి పాడిరి. దీనిని మేము మా సంస్కరణోద్యమపు జయముగా చెప్పికొనజాలము. చదివినవారము మేము చేసినది లేదు. నేడు ఫలానివారి భూమిలో కాయకోసి, రేపు ఆ భూమికే కూలికి పోవలసిన తొమ్మండుగురు తమ కూలిని పణముగా పెట్టి చేసినది.

పని ముగిసినదనుటకును లేదు. నేటికిని గురువుగారు మా యింటికి వచ్చునపుడు త్రాగునీరు తమ సీసాలో తెచ్చుకొందురు. ఒకప్పుడు ఈ వీథిలోనే ఆయనకు దోసిట నీరు పోసిరి. పోసినవారిలో మా యింటివారును ఉండిరి. మా కోడలు ప్రతిమారును లోటాతో నీరు తెచ్చి ఎదుట పెట్టును. ఆయన ప్రతిమారును "దాహం లేదమ్మా" అందురు. ఆమె మరుసటి మారును తెచ్చి పెట్టును. మొన్నటి నుండి ఆ లోటాను మేమే తెచ్చి పెట్టుచున్నాము.